పిల్లలతో కలిసి క్రిస్మస్ నక్షత్రం ఎలా కట్టాలి?

నవంబరు చివరికొచ్చేసరికి పాలకొల్లు, నర్సాపురం, అమలాపురం, ఏ బజారుకెళ్లినా మడత విప్పే అట్ట నక్షత్రాలు వేలాడుతుంటాయి. కొనుక్కునేవాళ్లు కొనుక్కోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం వెదురుతో కట్టాల్సిందే. కొన్నది నాన్న కుర్చీ ఎక్కి తగిలించేస్తే అయిపోతుంది, అందులో పిల్లల చెయ్యి ఎక్కడ పడింది? కట్టేదైతే వారం పాటు కుటుంబ ప్రార్థన అయ్యాక అందరూ దాని చుట్టూనే ఉంటారు.

వెదురు బుట్టలల్లే వాళ్ల దగ్గర మూడడుగుల బద్దలు పది తీసుకోండి, అన్నీ ఒకే మందంలో ఉండాలి. వంపు వచ్చే చోట కణుపు ఉన్న బద్ద వద్దు, అది వంగదు, విరుగుతుంది. నూలు దారం, పల్చటి కాగితం, మైదా జిగురు. నైలాన్ దారం వద్దు, ముడి జారుతుంది. బద్దలు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి. కత్తి పని పెద్దవాళ్లదే.

ప్రతి బద్దకీ రెండు చివర్ల నుంచీ 13 ముప్పావు అంగుళాల దగ్గర పెన్సిల్ గీత పెట్టించండి. ఏడెనిమిదేళ్ల పిల్లలు స్కేలు పట్టుకుని బాగా పెడతారు. ఐదు బద్దల్ని నక్షత్రంలా పరిచి గీత మీద గీత కలిపితే కొలత తప్పదు. కొనలూ, కూడళ్లూ గట్టిగా కట్టండి. ఇలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనల్నీ జంటలుగా కట్టేయండి.

అసలు గొడవంతా ఇక్కడి నుంచే. రెండు నక్షత్రాల మధ్య, లోపలి ఐదు కూడళ్ల దగ్గర పుల్లలు నిలబెడితేనే అది పొట్ట ఉబ్బి బయటికొస్తుంది. ఐదు పుల్లలూ ఒకే పొడవుండాలి. ఆరంగుళాలు చాలు. వాటిలో ఏ ఒక్క పుల్ల పావు అంగుళం తేడా వచ్చినా ఒక కొన పైకి లేస్తుంది, లైటు వేశాక వీధి చివరి నుంచి కూడా ఆ వంకర కనిపిస్తుంది. అందుకని ఐదింటినీ కట్టగా పట్టుకుని నేల మీద నిలబెట్టి చూడండి, తలలు సమంగా లేకపోతే కోసి సమం చేయండి. పుల్ల రెండు చివర్లా బద్ద కూర్చునేలా చిన్న గాడి పెట్టాలి. గాడి లేకుండా దారంతో చుట్టేసి సరిపెట్టేవాళ్లే ఎక్కువ, వాళ్ల నక్షత్రం క్రిస్మస్ ముందు రోజు కూలుతుంది.

ఇక నిలబెట్టే వరస. పక్కపక్కనే పెట్టుకుంటూ పోతే లాగుడంతా ఒక వైపే పడి ఫ్రేమ్ మెలిక తిరుగుతుంది. కారు చక్రం నట్లు బిగించినట్టు ఒకటి వదిలి ఒకటి పెట్టండి: ఒకటి, మూడు, ఐదు, తర్వాత రెండు, నాలుగు. చివరిది బిగుతుగా ఉంటుంది, బలవంతంగా తోయకండి. ఒకరు రెండు కూడళ్లనీ వేళ్లతో విడదీసి పట్టుకుంటే ఇంకొకరు పుల్లని ఏటవాలుగా పెట్టి మెల్లగా నిలబెట్టాలి. ఆ సమయంలో పిల్లలు రెండడుగులు వెనక్కి ఉండాలి, బద్ద జారితే మొహానికే తగులుతుంది. ఐదూ నిలబడ్డాకే ఒక్కోదాన్నీ దారంతో కట్టండి, ముందు కాదు. తర్వాత చేత్తో పైకెత్తి చూడండి, ఎటు తిప్పినా కొన వేలాడకూడదు.

కాగితం పని పూర్తిగా పిల్లలకే వదిలేయండి. కొనకొకటి ముందూ వెనకా త్రికోణాలు, మధ్యలో ముందొకటీ వెనకొకటీ ఐదు మూలల ముక్కలు, పక్కల పది సన్న ముక్కలు. ప్రతి ముక్కా అర అంగుళం పెద్దగా కోసి బద్ద మీదికి మడిచి అంటించాలి. ఒక పక్క ముక్క బల్బు కోసం అంటించకుండా వదలండి. రంగు తెలుపే, నక్షత్రం చూసి బాల యేసుని వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానులు చూసింది డిస్కో లైటు కాదు. జిగురు పూర్తిగా ఆరేదాకా ఇంట్లోనే ఉంచండి, మన దగ్గర డిసెంబరు మంచుకి తడి కాగితం తెల్లారేసరికి జారిపోతుంది. ఎల్ఈడీ బల్బే వేయండి, పాత ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం మాడుతుంది.

కడుతున్నప్పుడు మత్తయి సువార్త 2వ అధ్యాయం చదవండి. జ్ఞానులు ముగ్గురని అందులో లేదు, వాళ్లొచ్చింది ఇంటికే, పశువుల పాకకి కాదు. పిల్లలకి ఈ రెండు సంగతులూ చెప్పి చూడండి, సండే స్కూల్లో టీచర్ని పట్టుకుని అడిగి మరీ వస్తారు. కుటుంబంలో క్రిస్మస్ ఆచరించని బ్రదరన్ సంఘం వాళ్లుంటే పిల్లల ముందు వాదన పెట్టకండి, వాళ్ల పద్ధతి వాళ్లది.

నక్షత్రం జ్ఞానుల రాకని గుర్తుచేసుకునే జనవరి 6 దాకా వెలగాలి. దించాక కాగితం చింపేసి ఫ్రేమ్ అటక మీద పెట్టండి, వచ్చే ఏడు కాగితం మారిస్తే చాలు. అరుగు మీద వదిలారో, వీధి పిల్లలు భోగి మంటకి ఎత్తుకుపోతారు, అందులో మీ పిల్లలే ముందుంటారు.