హెడ్‌లైట్ బల్బు కొనేముందు కెల్విన్ చూడండి

కారు హెడ్‌లైట్ బల్బు అడిగితే షాపులో ముందు 6000 కెల్విన్ తెల్లబల్బే చూపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ కెల్విన్ చెప్పేది వెలుగు రంగు మాత్రమే. ఎంత వెలుగొస్తుందో తెలియాలంటే ల్యూమెన్స్ చూడాలి. హాలోజెన్ బల్బుకు నీలం పూత వేసి తెల్లగా కనిపించేలా చేస్తే, ఆ పూతే కొంత వెలుగును మింగేస్తుంది. నేనూ ఒకసారి ముచ్చటపడి వేయించుకున్నాను. వానకు తడిసిన తారురోడ్డు మీద గుంతలు కనపడక నెల తిరక్కుండానే పీకించేశాను. కారుతో వచ్చే మామూలు హాలోజెన్ సుమారు 3200 కెల్విన్ ఉంటుంది. తెలుపు కావాలనుకుంటే 4300 దాటొద్దు. వాటేజీ మాత్రం పాతదే ఉండాలి, హై బీమ్, లో బీమ్ రెండూ ఒకే బల్బులో ఉండే హెచ్4 రకం అయితే 60/55 వాట్లు. బిగించేటప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోకండి, జిడ్డు అంటితే బల్బు త్వరగా పోతుంది.