పాత థండర్‌బర్డ్ కొనే ముందు ఏం చూడాలి

నాది కాజీపేట. పని మీద వారానికి నాలుగు రోజులు ములుగు దాకా పోయి రావాలి. ఏడేళ్లుగా ఆ రోడ్డు మీద నన్ను మోస్తున్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350. కాళ్లు కాస్త ముందుకు పెట్టుకొని, వీపు నిటారుగా ఉంచి కూర్చుంటాం కాబట్టి ఎంత దూరం పోయినా నడుం పట్టదు. "అన్నా, ఒక బండి చూసినం, జర వచ్చి చూడు" అని దోస్తులు పిలిస్తే ఇష్టంగా వెళ్తాను.

ముందు అది ఏ కాలం బండో తేల్చుకోండి. 2002లో వచ్చిన మొదటి థండర్‌బర్డ్‌ది ఏవీఎల్ అనే పాత రకం ఇంజన్, గేర్‌బాక్స్ వేరుగా కనిపిస్తుంది. తర్వాత వచ్చిన ట్విన్‌స్పార్క్‌లో ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే డబ్బాలో ఉంటాయి, ప్లగ్గులు రెండు. 2012లో రూపం మారింది: 20 లీటర్ల ట్యాంకు, వెనక ఎల్ఈడీ లైటు. ఇంజన్ అదే 346 సీసీ, సుమారు 20 హార్స్‌పవర్, 28 ఎన్ఎం టార్క్. మన అవసరానికి నేను చెప్పేది ఈ 2012 తర్వాతి బండే. 2018లో వచ్చిన 350ఎక్స్ దొరికితే ఇంకా మంచిది. దానికి అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటాయి. మామూలు దానికి తాడ్వాయి అడవిలో పంక్చరైతే ట్యూబు విప్పాల్సిందే.

నంబర్ ప్లేటు కూడా వయసు చెబుతుంది. మన వరంగల్ బండికి ఏపీ 36 ఉంటే 2014 జూన్‌కు ముందుది, టీఎస్ 03 ఉంటే ఆ తర్వాతది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది కాబట్టి పాత ప్లేటు చూడగానే ఆర్‌సీలో తేదీ చదవండి.

పొద్దున్నే వెళ్లండి, వస్తున్నామని ముందుగా చెప్పకండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లారేదాకా ఆగండి. చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందన్నదే అసలు పరీక్ష. సెల్ఫ్ కొట్టినప్పుడు కర్రుమని రాపిడి శబ్దం వస్తే స్ప్రాగ్ క్లచ్ (సెల్ఫ్ మోటారును ఇంజన్‌తో కలిపే భాగం) అరిగిందని అనుమానించాలి. బలహీనమైన బ్యాటరీతో పదేపదే సెల్ఫ్ కొడితే అది దెబ్బతింటుంది. బాగు చేయాలంటే ఇంజన్ కవర్ విప్పాలి. ఇందులో వాల్వులను కదిలించే ట్యాపెట్లు హైడ్రాలిక్‌వి, అంటే ఆయిల్ ఒత్తిడితో వాటంతటవే సర్దుకునేవి, సెట్టింగ్ చేసే పని ఉండదు. అందుకే ఇంజన్ వేడెక్కాక కూడా టకటక శబ్దం ఆగకపోతే ఆ బండి వదిలేయండి. రెండు ప్లగ్గులూ పని చేస్తున్నాయా అన్నది మెకానిక్ చేత చూపించండి. ఒకటి చచ్చినా బండి నడుస్తూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది.

మన దగ్గర అన్నిటికంటే పెద్ద భయం వరద నీళ్లు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ దసరాకు మా బావమరిది కోసం ఒక బండి చూశాం. కొత్త పెయింటు, కొత్త సీటు, ధర కూడా తక్కువే. సీటు తీయించి చూస్తే వైర్ల మధ్య మెత్తటి ఒండ్రు. ఇంజన్ పక్కనున్న గాజు కిటికీలో ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉంది. నమస్కారం పెట్టి వచ్చేశాం. ఈ రెండు చోట్లా చూడకుండా ఎవరూ డబ్బు ఇవ్వొద్దు.

బడ్జెట్ పెరిగితే మీటియర్ 350 కూడా చూడండి. 2020 నవంబర్‌లో థండర్‌బర్డ్ స్థానంలో వచ్చింది. 349 సీసీ కొత్త ఇంజన్, ఫ్యూయల్ ఇంజెక్షన్, 765 మి.మీ. సీటు ఎత్తు, 15 లీటర్ల ట్యాంకు, 191 కిలోల బరువు. వణుకు చాలా తక్కువ. కిక్ లేదు కాబట్టి బ్యాటరీని జాగ్రత్తగా చూసుకోవాలి.

కాగితాల్లో బండి మన పేరు మీదికి మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు ముందే తీసుకోండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఎక్కి ఉంటే దాన్ని తీసేయించే ఫారం 35, ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.