ర్యాపర్ రాక్ బ్యాండు కట్టాలనుకుంటే: హైదరాబాదు కళాకారులకు కొన్ని ఆచరణ సూచనలు

నాలుగైదేళ్ళుగా తెలుగులోనో దక్కనీలోనో ర్యాప్ రాస్తూ, సైఫర్లలో (ర్యాపర్లు గుంపుగా చేరి వంతులవారీగా ర్యాప్ చేసే చోట్లలో) నిలబడి పేరు తెచ్చుకుని, కూకట్‌పల్లి నుంచి చాంద్రాయణగుట్ట దాకా తనకంటూ కొంతమంది శ్రోతలను కూడగట్టుకున్న యువకుడు ఒకనాడు ‘ఇకమీదట నాకు బీటు ఒక్కటే చాలదు, గిటార్లు కావాలి, డ్రమ్స్ కావాలి’ అని ప్రకటిస్తే, ఆ సాయంత్రానికే అతని శ్రోతలు రెండు వర్గాలవుతారు. ఎదిగాడని ఒక వర్గం అంటుంది, అమ్ముడుపోయాడని మరొక వర్గం అంటుంది. నేను పన్నెండేళ్ళుగా ఈ నగరంలో బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఈ దారి పట్టిన ముగ్గురు ర్యాపర్ల వెనక నిలబడి వాయించాను. వారిలో ఒకరి బ్యాండు మాత్రమే ఇప్పటికీ నిలిచి ఉంది. మిగిలిన ఇద్దరి విషయంలో మేమంతా కలిసి చేసిన పొరపాట్లు ఇంకొకరు చేయకూడదన్న కోరికతో ఈ సూచనలు రాస్తున్నాను.

జామ్ రూమ్ (బ్యాండు సాధన చేసుకునే గది) అద్దెకు తీసుకునే ముందు, ఈ మార్పు ఎందుకు కోరుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. మీ దగ్గర ఉన్న పాటల్లో ఏ ఒక్కటైనా బీటు మీద ఇమడక, అరుపును, సాగదీసిన స్వరాన్ని, మనుషులు కలిసి వాయించే ఊపును కోరుతోందా? కోరుతుంటే మీకు కారణం ఉన్నట్టే. ర్యాప్‌లో పోటీ ఎక్కువైందనో, ఎవరితోనో జరిగిన మాటల యుద్ధంలో చిన్నబుచ్చుకున్నామనో వెళ్తున్నట్లయితే మాత్రం కొంతకాలం ఆగడం మంచిది, ఎందుకంటే శ్రోతలు ఆ సంగతి ఇట్టే పసిగడతారు. అమెరికన్ ర్యాపర్ మెషిన్ గన్ కెల్లీ 2018లో మరో ర్యాపర్ ఎమినెమ్‌తో డిస్ ట్రాకులు (ఒకరినొకరు ఎత్తిపొడిచే పాటలు) ఇచ్చిపుచ్చుకున్నాడు. 2020లో బ్లింక్-182 డ్రమ్మర్ ట్రావిస్ బార్కర్‌తో కలిసి పాప్ పంక్ ఆల్బమ్ చేశాడు. ఆ ఆల్బమ్, దాని తర్వాత 2022లో వచ్చిన రాక్ ఆల్బమ్ కూడా బిల్‌బోర్డ్ 200 జాబితాలో మొదటి స్థానంలోకి వచ్చాయి. అయినప్పటికీ అతను ఓడిపోయి పారిపోయాడనే హిప్‌హాప్ అభిమానులు నేటికీ ఉన్నారు, 2021లో ఒక రాక్ ఉత్సవంలో రాక్ ప్రేక్షకులూ అతన్ని గేలి చేశారు. జాబితాలో మొదటి స్థానం దక్కినా రెండిళ్ళలోనూ చుట్టంగానే మిగిలిపోవడం సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

చరిత్ర కొంత తెలుసుకుని ఉండటం మీకు ధైర్యాన్నిస్తుంది. రాక్ సంగీతానికి పునాది వేసిన వారిలో సిస్టర్ రొజెట్టా థార్ప్, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ వంటి నల్లజాతి కళాకారులు ముందు వరుసలో ఉన్నారు. రన్-డిఎంసి అనే ర్యాప్ బృందం 1984లోనే గిటారు మీద ర్యాప్ చేసింది, 1986లో రాక్ బ్యాండు ఏరోస్మిత్‌తో కలిసి చేసిన పాటతో బిల్‌బోర్డ్ హాట్ 100లో నాలుగో స్థానానికి చేరింది. బీస్టీ బాయ్స్ హార్డ్‌కోర్ పంక్ బ్యాండుగా మొదలై ర్యాప్‌లోకి వచ్చారు. అంటే ఈ రెండు సంగీతాల మధ్య గోడ కన్నా రాకపోకలే పాతవి. అయితే ఈ చరిత్రను మీ అభిమానుల నోరు మూయించడానికి వాడకండి. వారికి కోపం వచ్చింది గిటారు మీద కాదు. తమ వీధి మాటను, తమ బాధను అక్షరం తప్పకుండా చెప్పిన మనిషి ఇక ఆ మాట చెప్పడేమోనన్న భయం వారిది, అందులో న్యాయం ఉంది. నేను చూసినంతవరకు శ్రోతలను శాశ్వతంగా దూరం చేసేది ఈ మాట పలచబడటమే.

అందుకని మొదట సాహిత్యం సంగతి చూడాలి, అందులోనూ వేగం లెక్క ముఖ్యం. నిమిషానికి 90 బీట్ల వేగంలో, బీటుకు నాలుగు అక్షరాల చొప్పున పలికితే సెకనుకు 6 అక్షరాలవుతాయి. తెలుగు ర్యాపర్‌కు అది హాయిగా నడిచే నడక. అదే పద్ధతిని నిమిషానికి 170 బీట్ల పంక్ వేగంలో పెడితే సెకనుకు 11 అక్షరాలు దాటుతుంది, ఒత్తులూ ద్విత్వాలూ నిండిన మన మాటలు అక్కడ నలిగిపోయి ఎవరికీ అర్థం కావు. బీటుకు రెండే అక్షరాలు వేసుకుంటే మళ్ళీ సెకనుకు 6కు దగ్గరగా వస్తారు, మీ నోరు ఎరిగిన వేగమే నిలుస్తుంది, వెనక డ్రమ్స్ మాత్రం పరుగెత్తుతుంటాయి. ఈ చిన్న లెక్క తెలియక మేము ఒక మంచి పాటను నెల రోజుల పాటు పాడు చేసుకున్నాం.

రెండో సంగతి పల్లవి. ర్యాప్‌లో పల్లవిలా తిరిగివచ్చే హుక్‌ను మాటగా పలికి వదిలేయవచ్చు, రాక్ పల్లవిని మాత్రం ఎత్తుకుని నిలపాలి. తెలుగు అజంత భాష కాబట్టి నిలపడానికి అనువైనదేనని అందరూ అంటారు, కానీ మన క్రియలు ఎక్కువగా హ్రస్వమైన ఉకారంతోనో ఇకారంతోనో ముగుస్తాయని గమనించండి. ‘వచ్చాడు’, ‘పోయింది’ అనే మాటల చివరి అచ్చును పైస్థాయిలో సాగదీస్తే గొంతు బిగుసుకుని సన్నగా వినిపిస్తుంది. పాదం చివర ‘రా’, ‘పో’, ‘లే’, ‘కదా’, ‘ఊళ్ళో’ వంటి దీర్ఘాంత పదాలు పడేటట్లు వాక్యాన్ని తిప్పి రాసుకుంటే అదే స్వరం తెరుచుకుంటుంది. దక్కనీలో రాసేవారికి ‘నక్కో’ (వద్దు) అనే మాట ఒక వరం. ఆ ఓకారాన్ని నాలుగు బీట్ల దాకా లాగినా అర్థం చెడదు, జనం కూడా వెంటనే అందుకుంటారు. చరణాల్లో మాత్రం మీ అంత్యప్రాసలను, పదాల మధ్య మీరు అల్లే లోపలి ప్రాసలను ఎంతమాత్రం సడలించకండి. బ్యాండు మోతలో ఎవరు వింటారులే అనుకుని చరణాన్ని రెండు ముక్కలకు కుదించడమే మీ పాత శ్రోత పట్టుకునే మొదటి తప్పు.

బ్యాండులో మొదట వెతుక్కోవలసింది గిటారిస్టును కాదు, డ్రమ్మర్‌ను. చాలామంది రాక్ డ్రమ్మర్లు బీటును కొంచెం ముందుకు తోస్తూ వాయిస్తారు, ర్యాపర్ ఆ బీటుకు వెంట్రుకవాసి వెనకగా పలకడానికి అలవాటుపడి ఉంటాడు. ఈ రెండూ కలవకపోతే పాట ఎంత బాగున్నా తడబడుతున్నట్టే ఉంటుంది. అందువల్ల డ్రమ్మర్‌ను పరీక్షించేటప్పుడు కష్టమైన రోల్స్ వాయించమని అడగకండి; మీ పాత పాట ఒకటి వినిపించి, ఆ బీటునే మూడు నిమిషాలు మార్పు లేకుండా వాయించమనండి. ఓపికగా వాయించినవాడే మీకు కావలసిన మనిషి. మన నగరంలో మరొక సౌకర్యం కూడా ఉంది. నిజాం కాలంలో సైన్యంలో కొలువుకు వచ్చిన అరబ్బులు, సిద్దీల ద్వారా స్థిరపడిన మర్ఫా, పెళ్ళి ఊరేగింపుల నుంచి బోనాల దాకా వినిపించే తీన్‌మార్ ఇక్కడివారి కాళ్ళకు పుట్టుకతో తెలిసిన దరువులు. మూడు మూడుగా నడిచే తీన్‌మార్ దరువును డ్రమ్మర్ ఫ్లోర్ టామ్ (డ్రమ్ సెట్టులో నేల మీద నిలిపే పెద్ద డ్రమ్ము) మీదికి తెచ్చుకోగలిగితే, గిటార్లంటే గిట్టని శ్రోత కూడా తల ఊపడం నేను చూశాను. ఒక పాటకే అలంకారంగా అతికించడం కాకుండా, ఆ దరువు వాయించేవారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాకే దాన్ని వాడండి.

రిహార్సళ్ళను కొత్త పాటలతో మొదలుపెట్టవద్దు. శ్రోతలకు బాగా తెలిసిన మీ పాత ర్యాప్ పాటలు రెండింటిని తీసుకుని, ఒక్క మాట కూడా మార్చకుండా బ్యాండుతో వాయించి చూడండి. అమెరికన్ బృందం ఎన్.ఇ.ఆర్.డి. 2001లో యంత్ర వాద్యాలతో తెచ్చిన తమ మొదటి ఆల్బమ్‌ను, అదే పాటలతో మరొక బ్యాండు చేత వాయింపజేసి 2002లో మళ్ళీ విడుదల చేసింది. పాట గట్టిదైతే వాద్యాలు మారినా నిలుస్తుందని పరీక్షించుకోవడానికి ఇంతకన్నా సూటి మార్గం లేదు. జామ్ రూమ్ అద్దె గంటల లెక్కన ఉంటుంది కాబట్టి, నిర్మాణం ఇంట్లో తేల్చుకుని, వేగాలూ శ్రుతులూ రాసుకున్న కాగితంతో వెళ్ళండి. ర్యాప్‌కు శ్రుతి అవసరం లేదని మీకు అలవాటై ఉంటుంది. ఇప్పుడు పల్లవి మీ గొంతుకు అందే శ్రుతిని మీరే ముందు నిర్ణయించి గిటారిస్టుకు చెప్పాలి, గిటారుకు సులువైన శ్రుతిలోకి మీ గొంతును ఈడ్చకూడదు.

ధ్వని విషయంలో ర్యాపర్లు తెచ్చుకునే అలవాట్లలో అన్నిటికన్నా హాని చేసేది మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకోవడం. షూర్ ఎస్ఎం58 వంటి మైకు ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేలా తయారైనది. దాని జాలీని అరచేతితో మూస్తే ఆ గుణం పోయి, మాట మసకబారుతుంది, పక్కన మోగే డ్రమ్స్, మానిటర్ స్పీకర్ల ధ్వని మైకులోకి వచ్చి కీచుమంటుంది. డీజేతో పాడేటప్పుడు ఇది బయటపడదు, బ్యాండు ముందు వెంటనే బయటపడుతుంది. కాబట్టి మైకును కింది పిడి దగ్గరే పట్టుకోవడం సాధన చేయండి. ఇక 808 బేస్ (ర్యాప్ బీట్లలో వినిపించే యంత్రపు అడుగు ధ్వని), బేస్ గిటార్ రెండూ ఒకేసారి మోగించవద్దు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, 808 కూడా ఆ చుట్టుపక్కలే కూర్చుంటుంది, రెండూ కలిస్తే గది అంతా గొణుగుడే మిగులుతుంది. చరణంలో 808, పల్లవిలో బేస్ గిటార్ అని పంచుకోవచ్చు. బేస్ వాయించేవాడిగా నాకు ఊరకుండటం కష్టమే అయినా, పాటకు అదే మేలు చేసింది. హల్లుల స్పష్టత చాలావరకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది కాబట్టి, చరణాలు నడిచేంతసేపు అక్కడ గిటార్లను కొంచెం తగ్గించమని సౌండ్ ఇంజనీరును అడగండి. మీ మాటను కాపాడటానికి మీ చేతిలో ఉన్న అతి చౌక ఉపాయం అదే.

గొంతు గురించి ఒక్క మాట. అరుపును పాటగా పాడటం వేరే విద్య. గురువు దగ్గర రెండు నెలలు నేర్చుకోకుండా వేదిక మీద అరవకండి. నొప్పి పుడితే ఆపేయండి. బొంగురు పోయిన గొంతుతో ర్యాప్ కూడా చేయలేరు.

వేదికను ఎంచుకునేటప్పుడు సమయం గుర్తుంచుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి పరిమితి 45. డ్రమ్ సెట్టు పక్కన నిలబడితే 100 డెసిబెల్స్ సులువుగా దాటుతుంది. బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి ఆరుబయట ప్రాంగణాల్లో పాడే అవకాశం వస్తే, పూర్తి బ్యాండుకు బదులు కహోన్ (మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె), ఒక అకూస్టిక్ గిటారుతో వెళ్ళడం మంచిది. మాట వినడానికి వచ్చేవారు అక్కడ దొరుకుతారు. మాకు ఒకసారి ఒక కేఫ్‌లో 9:40కి వేదిక ఇచ్చి 10కి ఆపేయమన్నారు. అప్పటికి మా ర్యాపర్ ఒక్క పాత పాట కూడా పాడలేదు, అతన్ని వినడానికి టోలీచౌకి నుంచి వచ్చిన కుర్రాళ్ళు మౌనంగా లేచి వెళ్ళిపోయారు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఆ తర్వాతే మేము పాటల వరుస మార్చుకున్నాం. అమెరికన్ ర్యాపర్ ఐస్-టి 1991లో లోలపలూజా అనే సంగీతోత్సవ యాత్రలో తన సమయంలో సగం ర్యాప్‌కూ, మిగతా సగం తన మెటల్ బ్యాండు బాడీ కౌంట్‌కూ ఇచ్చాడు. బ్యాండుకు వేరే పేరు పెట్టాడు, హైస్కూలు నాటి స్నేహితులతో దాన్ని కట్టాడు, ర్యాప్ ఆల్బమ్‌లు తేవడం మానలేదు. ఆ బ్యాండుకు 2021లో మెటల్ విభాగంలో గ్రామీ వచ్చింది. మీరూ ఇలాగే మొదట డీజేతో నాలుగు ర్యాప్ పాటలు, తర్వాత డీజే వేదిక మీద ఉండగానే బ్యాండుతో ఆ రెండు పాత పాటలు, చివరన కొత్తవి పాడండి. డీజేను పంపించేయడం అనే ఒక్క చర్య మీరు ఎన్ని ప్రకటనలు చేసినా చెరిపేయలేని అర్థాన్నిస్తుంది. బ్యాండుకు వేరే పేరు ఉంటే విడుదలలు కూడా వేరే ఖాతాలో వెళ్తాయి, మీ ర్యాప్ కోసం వచ్చినవారికి ఏది ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది.

ఈ మార్పును ప్రకటించేటప్పుడు ర్యాప్‌ను తక్కువ చేసే వాక్యం ఒక్కటి కూడా రానీయకండి. ‘దాన్ని దాటి వచ్చాను’, ‘ఇప్పుడు నిజమైన సంగీతం చేస్తున్నాను’ అనే మాటలు మీ పక్కన సైఫర్‌లో నిలబడినవారిని అవమానిస్తాయి. మొదటి రాక్ పాట వచ్చిన రెండు మూడు నెలల్లోపే ఒక ర్యాప్ పాట విడుదలకు సిద్ధంగా ఉంచుకోండి, అది మీరు ఇంతవరకు రాసినవాటిలో గట్టిదై ఉండాలి. అమెరికన్ ర్యాపర్ లిల్ వేన్ 2010లో తెచ్చిన రాక్ ఆల్బమ్‌ను విమర్శకులు చీల్చి చెండాడారు, కానీ ఎమినెమ్‌తో కలిసి ర్యాప్ చేసిన పాటను మాత్రం అదే ఆల్బమ్ నుంచి జనం తీసుకుని దాచుకున్నారు.

విమర్శలు వచ్చినప్పుడు తిట్టును, ఫిర్యాదును వేరుచేసి చదవండి. తిట్టును వదిలేయండి. ‘మాట వినబడలేదు’, ‘చరణం చిన్నదైంది’, ‘నువ్వు అరుస్తున్నావు కానీ చెప్పడం లేదు’ అని రాసినవారి మాటలను మాత్రం ఎత్తి రాసుకుని, తర్వాతి రిహార్సల్‌కు ఆ కాగితాన్ని తీసుకెళ్ళి, ప్రదర్శన రికార్డింగును బ్యాండంతా కలిసి కూర్చుని దానితో సరిచూడండి. మా బ్యాండులో ఈ పనిని ప్రదర్శన అయిన మర్నాడు కాకుండా వారం రోజులు ఆగి, కోపం చల్లారాక, డీజేను కూడా పిలిచి చేస్తాం.