స్టైల్ మార్చినా తెలుగు అక్షరం మారలేదు

నాన్న రాసిన మా ఊరి కబుర్లను లిబ్రేఆఫీస్ రైటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పుస్తకంగా కూరుస్తున్నాను. శీర్షికలన్నిటి రూపాన్ని ఒకేచోట నిర్ణయించే 'హెడింగ్ 1' స్టైల్‌కి రామభద్ర అనే తెలుగు ఫాంట్ పెట్టి ఓకే నొక్కాను. శీర్షికలో ఇంగ్లిష్‌లో ఉన్న 'పార్ట్' మారింది, పక్కనే 'మా చెరువు' మాత్రం కదల్లేదు. రెండు రోజులు ఒకటే టెన్షన్.

సంగతేమిటంటే, స్టైల్‌లో ఇంగ్లిష్‌కి ఒక ఫాంట్, తెలుగులాంటి లిపులకి వేరే ఫాంట్ ఉంటాయి. నేను మార్చింది మొదటిదే. రెండోది నాకు కనిపించనే లేదు! టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్లి 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్'కి (తెలుగులాంటి లిపుల అమరికకి) టిక్ పెట్టాక బయటపడింది. మళ్లీ స్టైల్‌లోకి వెళ్లి ఆ రెండో ఫాంట్‌గా రామభద్ర ఎంచుకోగానే శీర్షికలన్నీ ఒక్కసారే మారాయి. ప్రాణం లేచొచ్చింది. ఈ టిక్ తెలుగువాళ్లకు మొదటి నుంచే ఉండాలి.

తర్వాత ఫైల్ మెనూలో 'సేవ్ యాజ్ టెంప్లేట్' చేసి, అంటే ఈ స్టైల్స్‌ని ఒక నమూనా ఫైల్‌గా దాచి, దాన్నే డిఫాల్ట్‌గా పెట్టుకున్నాను. ఇప్పుడు కొత్త ఫైల్ తెరిస్తే ఆ స్టైల్స్‌తోనే వస్తోంది. పాత ఫైళ్లు మాత్రం అలాగే ఉంటాయి.