రీబిల్డ్ ఆగిపోయిందా? ముందు పాత డిస్కులను చూడండి

విజయవాడలో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలకు స్టోరేజీ బాక్సులు బిగించి, వాటి మంచిచెడ్డలు చూసే పని నాది. ఎక్కువగా 4 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక), వాటిని కలిపి నడపడానికి లినక్స్ మీద ఎమ్‌డీఏడీఎమ్ అనే ప్రోగ్రాం. డిస్కు పోతే కొత్తది పెట్టడం స్టూడియోవాళ్ళకే వచ్చు. రీబిల్డ్ ఏ 31 శాతం దగ్గరో కదలకుండా కూర్చున్నప్పుడే ఫోన్ చేస్తారు. "అన్నా, కొత్త డిస్కు కూడా పోయినట్టుంది, మార్చేయమంటావా?"

మార్చకండి. రీస్టార్ట్ కూడా వద్దు. రీబిల్డ్ అంటే పోయిన డిస్కులోని డేటాను కొత్తదాంట్లో మళ్ళీ నింపడానికి మిగిలిన మూడు డిస్కులనూ మొదటి నుంచి చివరిదాకా చదవడం. రెండేళ్ళుగా ఎవరూ తెరవని ఫుటేజీ ఉన్న చోటు కూడా ఇప్పుడు చదవాల్సిందే. అక్కడెక్కడో సెక్టారు (డిస్కులో డేటా ఉండే చిన్న ముక్క) పాడై ఉంటే ఈ రోజే బయటపడుతుంది. అందుకే నా మొదటి అనుమానం ఎప్పుడూ పాత డిస్కుల మీదే.

ఫైళ్ళు ఇంకా తెరుచుకుంటుంటే, ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్ళిళ్ళను ముందు బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. ఎడిట్ మళ్ళీ చేసుకోవచ్చు, జీలకర్ర బెల్లం మళ్ళీ తీయలేం.

తర్వాత అది నిజంగా ఆగిందా, నెమ్మదించిందా తేల్చుకోండి. రీబిల్డ్ ఎంతవరకు వచ్చిందో చూపే ఎమ్‌డీస్టాట్ ఫైలును (ప్రోక్ ఫోల్డరులో ఉంటుంది) పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూడండి. శాతం మారకపోయినా పక్కనున్న బ్లాకుల అంకె పెరుగుతుంటే పని నడుస్తున్నట్టే. సెకనుకు 150 ఎంబీ వేగంతో వెళ్తే 4 టీబీకి ఏడున్నర గంటలు పడుతుంది. ఎడిటర్లు అదే బాక్సు మీద పనిచేస్తుంటే లినక్స్ ఆ ఎడిటర్లకు దారిచ్చి రీబిల్డ్ వేగాన్ని తగ్గిస్తుంది. అది పట్టుబట్టే కనీస వేగం సెకనుకు 1000 కేబీ మాత్రమే, ఆ లెక్కన నెలన్నర పడుతుంది. ఆ రాత్రికి ఎడిటింగ్ ఆపించి, ఆ కనీస వేగాన్ని పెట్టే స్పీడ్ లిమిట్ మిన్ విలువను 50000 చేయండి.

ఎమ్‌డీస్టాట్‌లో పెండింగ్ అని ఉంటే ఆరే (డిస్కులన్నీ కలిసిన సెట్టు) రీడ్ ఓన్లీలో ఉంది, ఎమ్‌డీఏడీఎమ్‌కు రీడ్‌రైట్ ఆప్షన్ ఇస్తే కదులుతుంది. ఆరే ఇప్పుడేం చేస్తోందో చూపే సింక్ యాక్షన్ ఫైలులో ఫ్రోజెన్ అని ఉంటే అందులో ఐడిల్ అని రాయండి. ఈ రెండూ తేలికగా తీరేవి.

అసలు చిక్కు డీమెసేజ్‌లో, అంటే లినక్స్ రాసుకునే లాగ్‌లో, కనిపిస్తుంది. హార్డ్ రీసెట్టింగ్ లింక్ అని పదే పదే వస్తూ, డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 199వ నంబరు వరుసలోని లెక్క పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చండి, పవర్ కనెక్టరు చూడండి. మీడియం ఎర్రర్ అని వచ్చి 197, 198 నంబర్ల వరుసల్లోని లెక్క సున్నా దాటితే ఆ పాత డిస్కులో సెక్టార్లు పోతున్నాయి. అది ఏ డిస్కో సీరియల్ నంబరుతోనే గుర్తుపట్టండి, లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్ బూట్‌కూ మారిపోవచ్చు. నేను బాక్సు బిగించిన రోజే ప్రతి ట్రే మీద సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు అంటిస్తాను. ఒక డిస్కు లేని రెయిడ్ 5లోంచి పొరపాటున మంచి డిస్కు లాగితే ఆరే అక్కడికక్కడే పడిపోతుంది.

ఇక టైమవుట్. మామూలు డెస్క్‌టాప్ డిస్కు పాడైన సెక్టారును చదవడానికి నిమిషం పైగా తంటాలు పడుతుంది. లినక్స్ 30 సెకన్లే ఆగి, డిస్కును రీసెట్ చేస్తుంది. చివరికి ఆరే దాన్ని బయటికి తోసేయవచ్చు, అప్పుడు కొత్త డిస్కు నిండకుండా ఉత్త స్పేర్‌గా మిగిలిపోతుంది. దీనికి చాలామంది ఎస్‌సీటీ ఈఆర్‌సీని (చదవలేని సెక్టారును డిస్కు ఎంత సేపటికి వదిలేయాలో చెప్పే సెట్టింగు) 7 సెకన్లకు పెట్టమంటారు. ఆరే బాగున్నప్పుడు అది మంచి సలహానే. ఇప్పుడు మాత్రం ఆ సెక్టారుకు వేరే ఆధారం లేదు, డిస్కు ఎంత సేపు ప్రయత్నిస్తే మనకంత మేలు. కాబట్టి ప్రతి డిస్కుకూ లినక్స్ ఆగే ఆ 30 సెకన్ల కెర్నెల్ టైమవుట్‌ను 180 సెకన్లకు పెంచండి. రీబూట్ అయితే మళ్ళీ పెట్టాలి.

అయినా అదే చోట ఆగుతుంటే ఆరేను ఆపేయండి. పాడవుతున్న పాత డిస్కును డీడీరెస్క్యూ (చదవగలిగినంతా కాపీ చేసే ప్రోగ్రాం)తో ఇంకో కొత్త డిస్కులోకి క్లోన్ చేయండి, ఏది కాపీ అయిందో అది రాసుకునే మ్యాప్ ఫైలును మూడో చోట ఉంచండి. క్లోన్ అయ్యాక పాతదాన్ని తీసి పక్కన పెట్టి, క్లోన్‌తో ఆరేను అసెంబుల్ చేసి రీబిల్డ్ మొదలుపెట్టండి. చదవలేకపోయిన సెక్టార్లు కొన్నే అయితే ఏ ఒకటి రెండు ఫైళ్ళో దెబ్బతింటాయి, మిగతాదంతా దక్కుతుంది. ఎమ్‌డీఏడీఎమ్ ఫోర్స్ ఆప్షన్ అవసరమైతే క్లోన్ చేతిలో ఉన్నాకే, ప్రతి డిస్కు ఎగ్జామిన్ రిపోర్టు (ఆరేలో దాని స్థానం, వివరాలు చూపేది) దాచుకున్నాకే వాడండి. ఆరేను కొత్తగా తయారుచేసే క్రియేట్ ఆప్షన్ మాత్రం ముట్టుకోవద్దు. డిస్కుల వరుస ఒక్కటి తప్పినా డేటా కలగాపులగం అవుతుంది.

ఎర్రర్లేమీ లేకుండా వేగం మాత్రం పడిపోతుంటే అప్పుడు కొత్త డిస్కు మోడల్ చూడండి. ఎస్‌ఎమ్‌ఆర్ రకమైతే (ట్రాకులను ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కించి రాసేది) రోజుల తరబడి సాగుతుంది. 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని రెడ్ డిస్కుల్లో ఎస్‌ఎమ్‌ఆర్ ఉందని వెస్టర్న్ డిజిటల్ 2020లో ఒప్పుకుంది. కొనేటప్పుడు సీఎమ్‌ఆర్ (ట్రాకులను విడివిడిగా రాసే రకం) అని డేటాషీటులో చూసుకునే తీసుకోండి.

రీబిల్డ్ పూర్తయ్యాక ఒకసారి చెక్ నడపండి, అది డిస్కులన్నిటినీ మొత్తం చదివి సరిచూస్తుంది. డెబియన్ లినక్స్‌లో ఇది మామూలుగా నెలలో మొదటి ఆదివారం, అంటే శనివారం అర్ధరాత్రి దాటాక, దానంతటదే మొదలవుతుంది. కానీ చాలా స్టూడియోల్లో శనివారం రాత్రి మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్తారు. ఆ ఒక్క రాత్రి బాక్సు ఆన్‌లో ఉంచమని తాళం వేసే కుర్రాడికి చెప్పండి.