విండోస్ మళ్లీ వేశాక గేమ్ సేవ్‌లు కనబడట్లేదా? ముందు డాక్యుమెంట్స్ ఎక్కడుందో చూడండి

సమస్య: విండోస్ కొత్తగా వేయించారు. గేమ్ డీ డ్రైవ్‌లోనే ఉంది కాబట్టి మళ్లీ డౌన్‌లోడ్ చేసే పని పడలేదు, లాంచర్‌కి (స్టీమ్ లాంటి గేమ్‌లు నడిపే యాప్) ఫోల్డర్ చూపిస్తే పట్టేసింది. తీరా ఓపెన్ చేస్తే మెనూలో 'కంటిన్యూ' మాయం. 'న్యూ గేమ్' ఒక్కటే ఉంది. ఇక ఫోన్ వస్తుంది: "అన్నా, సీ ఒక్కటే ఫార్మాట్ కొట్టిన్రు, డీ ముట్టలే. మరి సేవ్ యాడికి పోయింది?"

డీ ముట్టకపోతే గేమ్ మిగులుతుంది, సేవ్ మిగలాలని లేదు. గేమ్ ఏ డ్రైవ్‌లో ఉన్నా సేవ్ మాత్రం చాలావరకు సీ డ్రైవ్‌లో మీ యూజర్ ఫోల్డర్ కిందే పడుతుంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో సీపీయూ చంకన పెట్టుకుని తిరుగుతూ విండోస్ 11 వేయించుకున్నవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఫోల్డర్లు తెరవడం, కాపీ చేయడం, హిడెన్ ఫైళ్లు చూపించడం మీకు వచ్చనుకునే రాస్తున్నా.

వెతికే ముందు రెండు పనులు

మొదటిది, 'న్యూ గేమ్' నొక్కకండి. క్లౌడ్ (సేవ్ కాపీని ఆన్‌లైన్‌లో దాచే సౌకర్యం) ఉన్న గేమ్ అయితే మీరు ఇప్పుడు ఆడిన ఐదు నిమిషాల సేవే తాజాది అవుతుంది, అదే క్లౌడ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. స్టీమ్‌లో ఆ గేమ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి క్లౌడ్ సింక్ తాత్కాలికంగా ఆపేయండి. ఇప్పటికే నొక్కేసి, 'క్లౌడ్ కాన్‌ఫ్లిక్ట్' అని విండో వచ్చిందా? అందులో రెండు తేదీలు ఉంటాయి. కొత్త తేదీ చూసి మురిసిపోకండి, అది ఖాళీ సేవ్‌ది. మీకు కావాల్సింది ఫార్మాట్‌కి ముందు తేదీ. స్టీమ్ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్ కింద క్లౌడ్ పేజీ కూడా ఉంది. గేమ్ వారీగా ఫైళ్లు, తేదీలు కనిపిస్తాయి, అక్కడి నుంచి నేరుగా దించుకోవచ్చు.

రెండోది, సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. ఫార్మాట్ చేయకుండా పాతదాని మీదే కొత్త విండోస్ వేస్తే పాత సరుకంతా అందులోకి వెళ్తుంది. అప్‌గ్రేడ్ చేసినవాళ్లకైతే 10 రోజుల తర్వాత విండోస్ దాన్ని తనే చెరిపేస్తుంది. ఈలోగా 'సీ డ్రైవ్ నిండింది' అని ఎవరో డిస్క్ క్లీనప్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్'కి టిక్ పెడితే ఆ గడువు కూడా ఉండదు. అందులోని యూజర్స్ ఫోల్డర్ మొత్తాన్ని ఇప్పుడే డీకి కాపీ చేసుకోండి. పర్మిషన్ లేదంటే 'కంటిన్యూ' నొక్కండి. ఏది కావాలో తర్వాత తీరిగ్గా చూడొచ్చు.

సేవ్ ఫైళ్లు చేతిలో ఉన్నాయి, పెట్టినా గేమ్ గుర్తుపట్టట్లేదు

అసలు తలనొప్పి ఇది. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. ఎంత చెప్పినా జనం దాటేసేదీ ఇదే.

విండోస్‌లో డాక్యుమెంట్స్ అనేది కదలని ఫోల్డర్ అని మనం అనుకుంటాం. కాదు, అది ఒక పేరు మాత్రమే. ఆ పేరు ఏ ఫోల్డర్‌ని చూపిస్తోందో విండోస్ విడిగా రాసి పెట్టుకుంటుంది. విండోస్ 11 సెటప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్) బ్యాకప్ చాలాసార్లు మనం గమనించకుండానే ఆన్ అవుతుంది. ఆ క్షణం నుంచి మీ డాక్యుమెంట్స్ యూజర్ ఫోల్డర్ కింద ఉండదు, దాంట్లోని వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి వెళ్లిపోతుంది. గేమ్ అడిగేది విండోస్‌ని: డాక్యుమెంట్స్ ఎక్కడ? విండోస్ ఎటు చూపిస్తే అటే పోతుంది. మీరేమో పాత అలవాటు కొద్దీ సీ డ్రైవ్, యూజర్స్, మీ పేరు, డాక్యుమెంట్స్ అని వెళ్లి పేస్ట్ చేస్తారు. ఫైళ్లు ఉన్నాయి, ఫోల్డర్ పేరు సరిగ్గానే ఉంది, గేమ్‌కి మాత్రం కనబడవు.

కూకట్‌పల్లి హాస్టల్‌లో ఉండే కుర్రాడొకడు విచర్ 3 సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా తీసి పెట్టుకున్నాడు. పేస్ట్ చేశాడు, రాలేదు. సేవ్ కరప్ట్ అయిందనుకున్నాడు. గేమ్ ఫైళ్లు వెరిఫై చేశాడు, ఆఖరికి అన్‌ఇన్‌స్టాల్ చేసి హాస్టల్ వైఫై మీద మొత్తం గేమ్ మళ్లీ దించాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. గేమ్ మళ్లీ దించితే సేవ్ చోటు మారదు. ఈ సమస్యకి వెరిఫై, రీఇన్‌స్టాల్ రెండూ దండగ.

కనిపెట్టడం ఇలా. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ బాక్స్ వస్తుంది. అందులో ఇంగ్లిష్‌లో షెల్, కోలన్, పర్సనల్ అని (shell:personal) మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. గేమ్‌కి కనబడే డాక్యుమెంట్స్ తెరుచుకుంటుంది. దాన్ని అలాగే ఉంచి, ఇంకో విండోలో సీ డ్రైవ్ నుంచి ఒక్కో ఫోల్డర్ తెరుచుకుంటూ మీ పేరు కింది డాక్యుమెంట్స్‌కి వెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి పైన అడ్రస్ బార్ మీద క్లిక్ చేస్తే పూర్తి దారి కనిపిస్తుంది. ఒకదాంట్లో మధ్యలో వన్‌డ్రైవ్ అన్న మాట ఉండి, ఇంకోదాంట్లో లేకపోతే దొంగ దొరికినట్టే. గేమ్ మూసేసి, సేవ్‌లని మొదటి విండోలోకి కాపీ చేయండి. ఆ కుర్రాడి 'కంటిన్యూ' అలాగే వెనక్కి వచ్చింది.

ఇదే తిరగేసి కూడా జరుగుతుంది, అప్పుడు ఇంకా మోసం. పాత విండోస్‌లో వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉండేది, మీకు తెలియదు. షాపులో బ్యాకప్ అంటే యూజర్ ఫోల్డర్ కింది డాక్యుమెంట్స్ కాపీ చేసి ఇచ్చారు. అది ఎప్పుడో ఖాళీ అయిన ఫోల్డర్. కొత్త విండోస్ లోకల్ అకౌంట్‌తో, అంటే మైక్రోసాఫ్ట్ లాగిన్ లేకుండా వేశారు కాబట్టి వన్‌డ్రైవ్ ఊసే లేదు. ఇలాంటప్పుడు బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ సైట్ తెరిచి, పాత పీసీలో వాడిన మెయిల్‌తోనే లాగిన్ అయి డాక్యుమెంట్స్ చూడండి. లేకపోతే అక్కడి రీసైకిల్ బిన్ చూడండి, పర్సనల్ అకౌంట్‌లో 30 రోజులు ఉంచుతుంది. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీనే. ఫొటోలతో అది నిండిపోయి ఉంటే సింక్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, క్లౌడ్‌లో ఉన్న సేవ్ పాతది కావచ్చు. తేదీ చూసుకోండి.

ఇంకో చిన్న మెలిక. ఫైల్ పక్కన నీలం మబ్బు గుర్తు ఉంటే పేరు మాత్రమే మీ పీసీలో ఉంది, సరుకు క్లౌడ్‌లో ఉంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' పెట్టి, ఆకుపచ్చ టిక్ వచ్చాకే గేమ్ తెరవండి.

గేమ్‌లు ఆడే పీసీలో డాక్యుమెంట్స్‌కి వన్‌డ్రైవ్ బ్యాకప్ వద్దే వద్దంటాను. వన్‌డ్రైవ్ సెటింగ్స్‌లో 'మేనేజ్ బ్యాకప్'కి వెళ్లి డాక్యుమెంట్స్ ఒక్కటి ఆఫ్ చేయండి. ఆఫ్ చేయగానే డాక్యుమెంట్స్ ఖాళీగా కనిపించొచ్చు. టెన్షన్ పడకండి, ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి, మీరే ఇటు తెచ్చి పెట్టుకోవాలి.

డాక్యుమెంట్స్ బ్యాకప్ ఉంది, అందులో ఈ గేమ్ ఫోల్డరే లేదు

అన్ని గేమ్‌లూ డాక్యుమెంట్స్‌లో పెట్టవు. జీటీఏ 5, స్కైరిమ్, విచర్ 3 పెడతాయి. సైబర్‌పంక్ 2077 యూజర్ ఫోల్డర్‌లోని సేవ్డ్ గేమ్స్‌లో పెడుతుంది. ఎల్డెన్ రింగ్, స్టార్‌డ్యూ వ్యాలీ, మైన్‌క్రాఫ్ట్ జావా సేవ్‌లు యూజర్ ఫోల్డర్ కిందే ఉండే యాప్‌డేటాలోని రోమింగ్‌లో ఉంటాయి. హాలో నైట్ లాంటి, యూనిటీ అనే ఇంజిన్‌తో చేసిన గేమ్‌లవి చాలావరకు అదే యాప్‌డేటాలోని 'LocalLow' అనే ఫోల్డర్‌లో. యాప్‌డేటా హిడెన్ ఫోల్డర్ కాబట్టి బ్యాకప్ తీసేవాళ్ల కంట పడదు. కొన్ని సేవ్‌లు స్టీమ్ ఇన్‌స్టాల్ అయిన చోటే యూజర్‌డేటా అనే ఫోల్డర్‌లో, యూబీసాఫ్ట్ గేమ్‌లవి ఆ లాంచర్ ఫోల్డర్‌లోనే సేవ్‌గేమ్స్‌లో పడుంటాయి. మీ గేమ్ ఇక్కడ లేకపోతే పీసీ గేమింగ్ వికీలో పేరు కొట్టండి, దారి రాసి ఉంటుంది.

పాత యూజర్ ఫోల్డర్ వెతికేటప్పుడు మీ పూర్తి పేరు కోసం చూడకండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వేస్తే మామూలుగా మెయిల్‌లోని మొదటి 5 ఇంగ్లిష్ అక్షరాలే ఫోల్డర్ పేరవుతాయి. శ్రీనివాస్ కాస్తా శ్రీని అయిపోతాడు.

ఎల్డెన్ రింగ్ సేవ్ మీ స్టీమ్ ఐడీకి ముడిపడి ఉంటుంది, ఆ పొడుగు నంబరే ఫోల్డర్ పేరు. తమ్ముడి అకౌంట్‌లో పెడితే తెరుచుకోదు.

సీ మొత్తం ఫార్మాట్ అయింది, బ్యాకప్ లేదు, క్లౌడ్ లేదు

ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ వదులుకోండి. ఫార్మాట్ అవగానే ట్రిమ్ (వాడకంలో లేని డేటాని ఎస్‌ఎస్‌డీ తుడిచేసే పద్ధతి) పని మొదలుపెడుతుంది, పాత డేటా తుడుచుకుపోతుంది. రికవరీ చేస్తామని ముందే డబ్బు అడిగే షాపుకి ఇవ్వకండి. పాత హార్డ్ డిస్క్ అయితే పీసీ వెంటనే ఆపేసి, డిస్క్ తీసి ఇంకో పీసీకి తగిలించి ఫొటోరెక్, రికువా లాంటివి నడపండి. దొరికినవాటిని అదే డిస్క్‌లోకి మాత్రం దించకండి.

అరుదైనవి

సేవ్ కనిపిస్తోంది, కొత్తగా సేవ్ అవట్లేదంటే విండోస్ సెక్యూరిటీలో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఎవరైనా ఆన్ చేశారేమో చూడండి, మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. పాత సేవ్ మోడ్‌లతో (గేమ్‌ని మార్చడానికి విడిగా వేసుకునే ఫైళ్లు) ఆడిందైతే ముందు ఆ మోడ్‌లు వేయండి. ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ గేమ్‌లకి ఫోల్డర్లు తవ్వక్కర్లేదు, అదే అకౌంట్‌తో లాగిన్ అయితే సేవ్ తనే దిగుతుంది. 'సింకింగ్' విండో ఎంతసేపు తిరిగినా విసుగొచ్చి క్యాన్సిల్ నొక్కకండి.