చాంగీలో పదకొండు గంటలు: ముందు నిద్ర, తర్వాతే సీతాకోకచిలుకలు

వైజాగ్ నుంచి మెల్‌బోర్న్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి బయల్దేరాం. మధ్యలో సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఐదు దాకా ఆగాలి. ఇద్దరం అరవై దాటినవాళ్లమే. మాలాంటివాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఒక పని వైజాగ్‌లోనే చేయాలి. సూట్‌కేసులు నేరుగా మెల్‌బోర్న్ వెళ్తాయా అని కౌంటర్లో అడిగి, ట్యాగ్ మీద ఎంఈఎల్ (మెల్‌బోర్న్ కోడ్) అని ఉందో లేదో చూసుకోండి. చేతిలో చిన్న సంచీ, శాలువా, ఖాళీ నీళ్ల సీసా ఉంటే చాలు.

దిగగానే గడియారం మార్చండి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. మావారు మాత్రం "ఇండియా టైమే ఉండనీ, తమ్ముడికి ఫోన్ చేయాలిగా" అన్నారు. అదేం చేసిందో తర్వాత చెబుతాను.

రాత్రంతా నిద్ర లేదు కదా, అప్పుడే షాపుల వెంట తిరిగితే మధ్యాహ్నానికి మోకాళ్లు మొరాయిస్తాయి. ముందు పడుకోండి. కాళ్లు చాపుకునే కుర్చీలున్న స్నూజ్ లౌంజ్‌లు ఉచితమే. ఏసీ చలికి శాలువా కప్పుకుని, సంచీ పట్టీ చేతికి చుట్టుకుని, అలారం పెట్టుకోండి. కాళ్లు నొక్కే మెషీన్లు కూడా ఊరికే ఉన్నాయి. మొదటి నిమిషం పిక్కలు పట్టి పిండేస్తే కేకేయబోయాను. తర్వాత లేవబుద్ధి కాలేదు.

లేచాక కాఫీ. అక్కడ దాన్ని "కోపి" అంటారు, కండెన్స్‌డ్ మిల్క్‌తో బాగా తియ్యగా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు "కోపి ఓ కొసోంగ్" అనండి. పాలూ పంచదారా లేకుండా ఇస్తారు. బ్రెడ్డు మీద రాసే "కాయా" ఏదో కాయ అనుకునేరు! కొబ్బరిపాలు, పంచదారతో పాటు గుడ్డు కూడా ఉంటుంది.

ఒకటి, రెండు, మూడు టెర్మినళ్ల మధ్య స్కైట్రెయిన్ ఉచితం. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు కిటికీ పక్కన నిలబడండి. రైలు ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న జ్యూవెల్ అనే షాపింగ్ మాల్ లోంచి పోతుంటే నలభై మీటర్ల జలపాతం కనిపిస్తుంది. జ్యూవెల్‌లో తిరగాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అందుకు మామూలుగా మనకు వీసా కావాలి. మా దగ్గర లేదు. అందుకే రైల్లోనే రెండుసార్లు అటూ ఇటూ తిరిగాం.

మూడో టెర్మినల్లో సీతాకోకచిలుకల తోట ఉంది. లోపల ఉక్కగా ఉంటుంది, కళ్లద్దాలకు ఆవిరి పట్టేస్తుంది. అద్దాల పెట్టెలో ప్యూపాలు (సీతాకోకచిలుక బయటికొచ్చే గూళ్లు) దండేనికి క్లిప్పులు పెట్టినట్టు వరసగా వేలాడుతున్నాయి. మేం చూస్తుండగానే ఒకటి చీలింది. బయటికొచ్చిన దాని రెక్కలు పిండేసిన జాకెట్టు గుడ్డలా ముడతలు. కాసేపటికి ఇస్త్రీ చేసినట్టు విచ్చుకున్నాయి. అక్కడే గంట గడిచిపోయింది. ఉచిత సినిమా హాలుంది గానీ, మేం వెళ్లలేదు.

మూడింటికి "పదండి" అంటే మావారు కుర్చీలోంచి కదల్లేదు. "తొందరేంటి, ఇంకా పన్నెండున్నరే" అన్నారు. ఆయన వాచీలో నిజంగానే పన్నెండున్నర! మా గేటేమో ఇంకో టెర్మినల్లో. అంతవరకు నొక్కించుకున్న కాళ్లకు అప్పుడు పని పడింది. ఎవరో మైకులో పిలుస్తారని కూర్చోకుండా, బోర్డు మీద గేటు నంబరు మీరే చూసుకోవడం మంచిది.

ఈ మూడు టెర్మినళ్లలో సెక్యూరిటీ చెక్ గేటు దగ్గరే. సీసాలో నీళ్లు అక్కడ పారబోయాల్సిందే. చెక్ దాటాక లోపల చాలాచోట్ల బాత్రూములు ఉండవు, ముందే వెళ్లి రండి.

పులిహోర డబ్బా కూడా ఖాళీ చేయండి. ఆస్ట్రేలియాలో దిగాక తినేది ఏదున్నా ప్రయాణికులు నింపే కార్డులో రాసి చూపించాలి. ఆ టెన్షన్ ఎందుకని మేం గేటు బయటే నిలబడి తినేశాం. వేరుశనగపప్పులన్నీ మావారు ఏరుకుని, ఎండుమిరపకాయలు నా వైపు పెట్టారు.